ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్ పైసా పెట్టకుండా ఆడితే నిజంగా ఆట మిగులుతుందా? ఆడినవాళ్ళు చెప్పండి

రాజోలు_కుర్రాడు:
అందరికీ నమస్కారమండి. మాది రాజోలు దగ్గర పల్లెటూరు, నేను డిగ్రీ సెకండియర్. సెలవుల్లో ఆడుకోడానికి ఫాంటసీ రోల్ ప్లేయింగ్ గేమ్ కోసం చూస్తున్నాను, కత్తులు, మంత్రాలు, డ్రాగన్లు ఉండాలి, పది మందితో కలిసి ఆన్‌లైన్‌లో ఆడేలా ఉండాలి, డబ్బు మాత్రం పెట్టలేను. ఇంట్లో ఉన్నది 4 జీబీ ర్యామ్ పాత ల్యాప్‌టాప్, గ్రాఫిక్స్ కార్డు లేదు. నెట్ అంటే ఫోన్ హాట్‌స్పాటే. వెతికితే ఎక్కువమంది ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్ పేరు చెబుతున్నారు. కానీ "ఫ్రీ" అని చెప్పి నాలుగు రోజులయ్యాక డబ్బు కట్టమనే గేములు చాలా చూశాను కాబట్టి అడుగుతున్నాను. ఉచితంగా ఎంతవరకు ఆడొచ్చు? మా నెట్‌కి ఆగుతుందా? తొమ్మిదో తరగతి చదివే తమ్ముడు కూడా ఆడతానంటున్నాడు, వాడికి పర్లేదా? కాస్త వివరంగా చెప్పండి.

పాలకొల్లు_పాతకాపు:
తమ్ముడూ, దీన్ని నేను బ్రౌజర్‌లో జావా ప్లగిన్‌తో తెరుచుకునే రోజుల నుంచి ఆడుతున్నాను, మధ్యలో ఉద్యోగం వల్ల మానేసి ఫోన్లోకి వచ్చాక మళ్ళీ మొదలుపెట్టాను, కాబట్టి తీరిగ్గా రాస్తాను, ఓపిగ్గా చదువు.

ముందు ఇది ఏ ఆటో తెలియాలి, ఎందుకంటే రూన్‌స్కేప్ పేరుతో రెండున్నాయి. ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్‌లో ఉన్న జాగెక్స్ వాళ్ళు 2001 జనవరిలో మొదలుపెట్టారు. తర్వాత మార్చుకుంటూ పోయారు, ఆ మార్పులు పాతవాళ్ళకు నచ్చలేదు. అప్పుడు ఆటగాళ్ళనే ఓటు అడిగి, 2007 ఆగస్టు నాటి కాపీని బయటకు తీసి 2013 ఫిబ్రవరిలో వేరే ఆటగా పెట్టారు. అదే ఓల్డ్ స్కూల్. ఇప్పటికీ ఇందులో పెద్ద మార్పులకు చాలావరకు ఓటింగ్ పెడతారు, 70 శాతం ఒప్పుకోవాలి. నువ్వు దించుకునేటప్పుడు "ఓల్డ్ స్కూల్" అన్న మాట ఉందో లేదో చూసుకో.

ఇక నీ అసలు ప్రశ్న. గడువు పెట్టి ఆపేసే ట్రయల్ కాదు ఇది. పదేళ్ళు ఆడినా ఎవరూ తలుపు వేయరు. ఉచితంగా 15 స్కిల్స్ ఉంటాయి: కత్తి, బాణం, మంత్రం లాంటి పోరాటపు స్కిల్స్‌తో పాటు చేపలు పట్టడం, వంట, చెట్లు కొట్టడం, గని తవ్వడం, కమ్మరిపని, ఇలాగ. ఒక్కోదానికి 99 లెవెల్స్. 99 చేరాలంటే 1,30,34,431 ఎక్స్‌పీ (అనుభవం పాయింట్లు) కావాలి. అందులో సగం 92వ లెవెల్ దగ్గర అవుతుంది, అంటే చివరి ఏడు లెవెల్స్‌కీ మొదటి 92కీ పట్టేది ఒకే కష్టం. ఇది విని నీకు హుషారు వస్తే ఈ ఆట నీదే. నీరసం వస్తే దించుకోకు, ఆ సంగతి ఇప్పుడే తేల్చుకోవడం మంచిది.

నాకు ఇందులో అన్నిటికన్నా ఇష్టం క్వెస్టులు. మిగతా ఆటల్లోలాగా "పది తోడేళ్ళను చంపి రా" అనే రకం కాదు, ఒక్కోటి చిన్న కథ. పైరేట్స్ ట్రెజర్ అని ఒకటుంది. కరంజా అనే దీవి నుంచి రమ్ సీసా దాటించాలి, కస్టమ్స్ వాళ్ళు పట్టుకుంటారు. అందుకని అరటితోటలో కూలికి చేరి, పళ్ళ పెట్టెలో సీసా దాచి, పైన అరటిపళ్ళు నింపి ఓడకెక్కించాలి. రావులపాలెం మార్కెట్‌లో గెలల లోడింగ్ చూసినవాళ్ళకి ఆ తోట భలే నచ్చుతుంది. నైట్స్ స్వోర్డ్ అని ఇంకోటి, అది పూర్తిచేస్తే కమ్మరిపనిలో 12,725 ఎక్స్‌పీ ఒకేసారి ఇస్తారు, ఒకటో లెవెల్ వాడు నేరుగా 29కి వెళ్ళిపోతాడు. కొత్తవాళ్ళు అది తెలియక గంటలకొద్దీ కంచు బాకులు కొడుతూ కూర్చుంటారు.

అసలు పండగ డ్రాగన్ స్లేయర్. క్వెస్టులు పూర్తిచేస్తే వచ్చే క్వెస్ట్ పాయింట్లు 32 ఉంటేగానీ మొదలవదు. మూడు చోట్ల నుంచి మ్యాప్ ముక్కలు తేవాలి, పాత ఓడ కొనాలి, మేకులూ పలకలూ కొట్టి బాగుచేయాలి, కెప్టెన్‌ని వెతుక్కోవాలి, అప్పుడు క్రాండర్ దీవికి వెళ్ళి ఎల్వార్గ్ అనే డ్రాగన్‌ని చంపాలి. నిప్పు నుంచి కాపాడే డాలు లేకుండా వెళ్తే క్షణాల్లో బూడిదే. అది గెలిస్తే రూన్ ప్లేట్‌బాడీ, అంటే రూన్ అనే లోహపు ఛాతీ కవచం, తొడుక్కునే అర్హత వస్తుంది. ఇదంతా పైసా ఖర్చు లేకుండానే. ఆ రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు, నిజంగా అంత ఆనందం.

నెట్ సంగతి. సర్వర్లు ఎక్కువగా ఇంగ్లండ్, జర్మనీ, అమెరికా, ఆస్ట్రేలియాల్లో ఉంటాయి, మనకి పింగ్ (సర్వర్‌కి వెళ్ళి రావడానికి పట్టే ఆలస్యం) ఎక్కువే వస్తుంది. అయినా ఈ ఆట 0.6 సెకండ్ల టిక్ మీద నడుస్తుంది, అంటే నువ్వు నొక్కినది తర్వాతి టిక్‌కి జరుగుతుంది, అందరికీ అంతే. షూటింగ్ గేముల్లోలా కంటిరెప్పపాటులో చచ్చిపోయే బాధ లేదు. హాట్‌స్పాట్‌తో హాయిగా ఆడొచ్చు, వీడియోలు చూసినంత డేటా కూడా కాదు. మీ ల్యాప్‌టాప్‌కి ఇది బరువు కాదు. కరెంటు పోయినా అదే అకౌంట్‌తో ఫోన్లో లాగిన్ అయి వదిలిన చోటి నుంచే ఆడుకోవచ్చు, మా వైపు వేసవిలో నాకు ఇదే పెద్ద సుఖం. ఒకవేళ పోరాటం మధ్యలో నెట్ పోయి చనిపోయినా వస్తువులు సమాధిరాయి దగ్గర 15 నిమిషాలు ఉంటాయి, వెళ్ళి తెచ్చుకోవచ్చు. వైల్డర్‌నెస్ అనే ఉత్తరపు ప్రాంతంలో మాత్రం ఈ దయ ఉండదు, అక్కడ తోటి ఆటగాళ్ళే చంపి దోచుకుంటారు.

కాకినాడ_కత్తి:
పాతకాపు గారు చెప్పినవన్నీ నిజమే గానీ, ఇష్టం కొద్దీ చెబుతున్నారు. రెండో వైపు కూడా వినాలి కదండి.

ఉచిత భాగం కాలక్రమంలో ఇరుకైపోతుంది. డ్రాగన్ స్లేయర్ అయ్యాక ఏముంది? ఓబోర్, బ్రయోఫైటా లాంటి బాస్‌లు (పెద్ద రాక్షసులు), వాళ్ళ దగ్గరికి వెళ్ళాలంటే తాళంచెవి పడేదాకా జెయింట్లను చంపుతూనే ఉండాలి. కవచం రూన్ దగ్గర దాదాపు ఆగిపోతుంది. వ్యవసాయం, ఇల్లు కట్టుకోవడం, దొంగతనం, మూలికల మందులు, అప్పజెప్పిన రాక్షసులను వేటాడే స్లేయర్, ఇవన్నీ మెంబర్లకే, అంటే డబ్బు కట్టేవాళ్ళకే. మ్యాప్ తెరిచి చూడండి, ఉచితంగా తిరగగలిగేది ఒక మూల. మిగతా ఊళ్ళ గేటు దగ్గర నిలబడి "మెంబర్స్ మాత్రమే" అన్న మాట చదువుతుంటే మనసుకు కష్టంగా ఉంటుంది. నాకైతే ఉండేది.

డబ్బు కట్టకుండా మెంబర్ అయ్యే దారి ఉందని చెబుతారు, దాని పేరు బాండ్. ఎవరో అసలు డబ్బు పెట్టి కొన్న బాండ్‌ని గ్రాండ్ ఎక్స్ఛేంజ్ అనే ఆటలోని బజారులో అమ్ముతారు, మనం ఆటలోని బంగారంతో కొని 14 రోజుల మెంబర్‌షిప్ చేసుకోవచ్చు. వినడానికి బాగుంది. దాని ధర కోటి గోల్డ్ పైమాటే. కరంజాలో లాబ్‌స్టర్లు (పెద్ద సముద్రపు రొయ్యలు) పట్టి అమ్మి అంత కూడబెట్టాలంటే ఆ రెండు వారాల కోసం ఎన్ని వారాలు పోస్తారో లెక్కేసుకోండి. అది ఆట కాదు, కూలిపని. దానికన్నా ఉచితం ఉచితంగానే ఆడి, నచ్చితే ఎప్పుడైనా ఒక నెల కట్టుకోవడం మేలు.

ఇంకో మాట. మీకు మనుషులతో యుద్ధాలు, గిల్డులు (ఆటగాళ్ళ జట్లు) ఇష్టమైతే ఆల్బియన్ ఆన్‌లైన్ చూడండి. 2019 ఏప్రిల్ నుంచి ఉచితం, సింగపూర్‌లో సర్వర్ ఉంది కాబట్టి మనకి పింగ్ నయం. దాంట్లో డబ్బు కట్టే ప్రీమియం లేకపోయినా మ్యాప్ అంతా తిరగొచ్చు. కానీ ప్రమాదకరమైన జోన్లలో చస్తే ఒంటిమీదున్నదంతా పోతుంది, గుండె గట్టిగా ఉండాలి. క్వెస్టు కథలు కావాలంటే మాత్రం అందులో లేవు, ఆ విషయంలో రూన్‌స్కేపే.

పాలకొల్లు_పాతకాపు:
లాబ్‌స్టర్ల కూలిపని మాట ఒప్పుకుంటానండి, బాండ్ కోసం ఉచిత ఆటగాడు పరుగెత్తకూడదు. కానీ "ఇరుకు" అన్నదానికి ఒప్పుకోను. ఆ మూలలోనే ఇరవైకి పైగా క్వెస్టులున్నాయి, వాటిని గైడు చూడకుండా చదువుకుంటూ చేస్తే నెలలు పడుతుంది. గైడు పక్కన పెట్టుకుని గబగబా నొక్కుకుంటూ పోయినవాళ్ళకే ఆట చిన్నదిగా కనబడుతుంది. పైగా ఓల్డ్ స్కూల్‌లో లూట్ బాక్సులు (డబ్బు పెట్టి లాటరీలా తెరిచే పెట్టెలు) లేవు, కంపెనీ వాళ్ళు నేరుగా డబ్బుకి కత్తులు అమ్మరు. మెంబర్ అయినా 99 కావాలంటే మనలాగే కష్టపడాలి. ఈ రోజుల్లో ఎన్ని ఉచిత ఆటల్లో ఇది ఉంది చెప్పండి?

తణుకు_టీచరమ్మ:
బాబూ, తమ్ముడి గురించి అడిగావు కాబట్టి రాస్తున్నాను. మా అబ్బాయి ఈ ఆట ఆడతాడు, నేను పక్కన కూర్చుని చూస్తుంటాను, స్కూల్లో పిల్లలతో రోజూ ఉండేదాన్ని కూడా.

ఆన్‌లైన్ గేమ్ అనగానే ఇంట్లో పెద్దవాళ్ళు రమ్మీ అనుకుని కంగారు పడతారు. డబ్బు పందెం ఆటల్ని మన రాష్ట్రంలో 2020లోనే నిషేధించారు, ఇది ఆ కోవలోది కాదు, ఆ సంగతి మీ నాన్నగారికి ముందే చెప్పు. వయసు 13 నిండాలన్నది వాళ్ళ నియమం, తొమ్మిదో తరగతి అంటే పర్లేదు.

నాకు బాగా నచ్చింది చదవడం. ఆటలో మాటలన్నీ ఇంగ్లీషులో, అక్షరాల్లోనే ఉంటాయి, ఎవరూ గొంతుతో చెప్పరు. తెలుగు మీడియంలో చదివిన మావాడు డిక్షనరీ పక్కన పెట్టుకుని క్వెస్టులు చేశాడు. పాఠం చదవమంటే ఐదు నిమిషాలు కూర్చోనివాడు అక్కడ పేజీలకు పేజీలు చదివేవాడు. నేను చెప్పి చేయించలేని పని అది.

భయపడాల్సింది మోసాల గురించి. "నీ బంగారం నాకియ్యి, రెట్టింపు చేసి ఇస్తా" అనేవాళ్ళు గ్రాండ్ ఎక్స్ఛేంజ్ దగ్గర వరసగా నిలబడి ఉంటారు. మొదట చిన్న మొత్తం నిజంగానే రెట్టింపు చేస్తారు, పెద్దది ఇవ్వగానే మాయం. కవచానికి అంచులు దిద్దిస్తామని తీసుకుపోయేవాళ్ళు, స్నేహం చేసి వైల్డర్‌నెస్‌లోకి నడిపించుకెళ్ళి చంపేవాళ్ళు కూడా ఉన్నారు. పోయేది బొమ్మ బంగారమే అని తేలిగ్గా తీసేయకు, నెల రోజులు కూడబెట్టింది పోతే పిల్లాడు అన్నం తినడు. మొదటిరోజే వాడికి ఇవన్నీ చెప్పు. పబ్లిక్ చాట్, ప్రైవేట్ చాట్ రెండూ ఆపేసుకునే వీలుంది, ముందు ఆపేసి ఆడించు. పాస్‌వర్డ్‌తో పాటు ఫోన్ యాప్‌లో కోడ్ చూపించే ఆథెంటికేటర్ పెట్టు. బంగారాన్ని బయట అసలు డబ్బుకి కొనడం, అమ్మడం నియమాలకు విరుద్ధం, అకౌంట్ మూసేస్తారు, అటు వెళ్ళొద్దని గట్టిగా చెప్పు.

సమయం ఒక్కటే నాకు నచ్చనిది. ఈ ఆటకి ముగింపు లేదు, ఇంకొక్క లెవెల్, ఇంకొక్క లెవెల్ అనిపిస్తూనే ఉంటుంది. పరీక్షల ముందు మా ఇంట్లో పూర్తిగా బంద్.

రాజోలు_కుర్రాడు:
అందరికీ చాలా థాంక్సండి, టీచర్ గారూ మీకు ప్రత్యేకంగా. నిన్న రాత్రి దించాను, ల్యాప్‌టాప్‌లో సాఫీగా నడుస్తోంది. ఆట నేర్పించే ట్యుటోరియల్ ఐలాండ్ అయిపోయి లంబ్రిడ్జ్ అనే ఊరు వచ్చాం. చాట్ ఆపేశాను. గైడ్లు చూడొద్దన్నారు కాబట్టి చూడట్లేదు గానీ మొదటి క్వెస్ట్‌లోనే ఆగిపోయామండి. కోటలో వంటవాడు కేక్ కోసం గుడ్డు, పాలు, పిండి అడిగాడు. గుడ్డు, పాలు తెచ్చాడు తమ్ముడు. గోధుమ కోసుకొచ్చి మిల్లులో వేశాడట, పిండి మాత్రం రావట్లేదు. ఏం చేయాలి?

పాలకొల్లు_పాతకాపు:
ఆయ్, అందరూ ఆగేది అక్కడే. మిల్లులో పైఅంతస్తుకి వెళ్ళి గోధుమను తొట్టిలో వేసి, పక్కనే ఉన్న మీటను నొక్కాలి, చాలామంది మీట మర్చిపోతారు. ఆ తర్వాత కింద అంతస్తుకి దిగితే పెట్టెలో పిండి ఉంటుంది. చేతిలో ఖాళీ కుండ ఉంటేనే తీసుకోనిస్తుంది, కుండ కోట వంటింట్లోనే బల్ల మీద ఉంది, వచ్చేటప్పుడు పట్టుకురమ్మను. మూడూ వంటవాడికిస్తే వంటలో 300 ఎక్స్‌పీ ఇస్తాడు, వాడి పొయ్యి వాడుకోనిస్తాడు. ఆ పొయ్యి మీద వండితే చేపలు తక్కువ మాడతాయి, కాబట్టి లెవెల్ పెరిగేదాకా వంటంతా అక్కడే చేయమను.