న్యూజెర్సీలో చదువుతున్న తమ్ముడికి మానసిక జబ్బు లక్షణాలు: వీసా భయం, ఇంట్లో ఒత్తిడి. ముందు ఏం చేయాలి?

ప్రశ్న (ఎడిసన్ నుంచి):
మా తమ్ముడు ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద ఎంఎస్ చేస్తున్నాడు, మాతోనే ఉంటాడు. సంక్రాంతి దాటినప్పటి నుంచి రాత్రిళ్ళు నిద్రపోవడం లేదు. తన ఫోన్ ఎవరో వింటున్నారంటాడు, కిటికీలకు దుప్పట్లు కట్టేశాడు. నేను వండింది వాసన చూసి పక్కన పెట్టేస్తున్నాడు. క్లాసులకు వెళ్ళడం లేదు. డాక్టర్ మాటెత్తితే "నాకేమైంది?" అని మీదికొస్తాడు. గుంటూరు నుంచి అమ్మ తాయెత్తు పంపింది. నాన్నేమో టికెట్ తీసి పంపించెయ్, పెళ్ళి చేస్తే కుదురుకుంటాడు అంటున్నారు. హాస్పిటల్ రికార్డు పడితే వాడి వీసాతో పాటు మా గ్రీన్ కార్డూ పోతుందని మావారి భయం. బయట ఎవరికీ చెప్పలేదు.

జవాబు (మా అన్నయ్యను చూసుకుంటున్న చెల్లెలిని):
అక్కా, టికెట్ మాత్రం ఇప్పుడు తీయకండి. ఎవరో వెంటపడుతున్నారని నమ్ముతున్న మనిషిని అన్ని గంటల విమానంలో, ఆ క్యూల్లో ఒంటరిగా పంపడం ప్రమాదం. వైద్యం మొదలై కాస్త నిద్ర పట్టాక ఆ సంగతి డాక్టర్‌తో మాట్లాడవచ్చు.

ఫోన్ వింటున్నారా లేదా అని వాదించకండి, అవునని తలూపనూ వద్దు. "నిద్ర లేక ఎంత అలసిపోయావో చూస్తున్నాను, నిద్ర కోసం డాక్టర్ దగ్గరికి వెళ్దాం" అనండి. జబ్బు ఉందని ఒప్పుకోని మనిషి కూడా నిద్ర పట్టడం లేదని ఒప్పుకుంటాడు. మాకు తలుపు తెరుచుకున్నది అక్కడే. జబ్బు పేరు మనం పెట్టొద్దు. థైరాయిడ్, గంజాయి లాంటి కారణాలు కూడా డాక్టరే చూస్తారు.

అతనికి పద్దెనిమిది దాటింది కాబట్టి అతను వద్దంటే డాక్టర్ మీతో వివరాలు మాట్లాడకపోవచ్చు. కానీ మీరు చెప్పేది వినడానికి హిపా (రోగి వివరాల గోప్యత) చట్టం అడ్డు కాదు. ఎప్పుడు మొదలైంది, నిద్ర, తిండి, అన్న మాటలు, కుటుంబంలో ఎవరికైనా ఉందా, అన్నీ ఒక పేజీలో రాసి అపాయింట్‌మెంట్‌కి ముందే పంపండి. డాక్టర్ గదిలో మా అన్నయ్య చాలా మామూలుగా మాట్లాడేవాడు. ఆ కాగితం లేకపోతే ఏమీ తెలిసేది కాదు. మొదటిసారి ఇలా వచ్చిన కుర్రవాళ్ళకు కోఆర్డినేటెడ్ స్పెషాలిటీ కేర్ (మందులు, కౌన్సెలింగ్, చదువుకు సాయం, కుటుంబానికి మద్దతు ఒకే బృందం ఇచ్చేది) అనే పద్ధతి ఉంది, దాని గురించి తప్పక అడగండి. ఎంత త్వరగా మొదలైతే అంత మేలు.

తిండి పూర్తిగా మానేసినా, చనిపోతానన్నా, ఎవరినైనా కొడతానన్నా ఆగకండి. 988కి (మానసిక సంక్షోభ సహాయ లైన్) ఫోన్ చేయండి. న్యూజెర్సీలో ప్రతి కౌంటీకీ సైకియాట్రిక్ స్క్రీనింగ్ సర్వీస్ ఉంటుంది, అవసరాన్ని బట్టి ఇంటికే వస్తారు. ప్రాణాపాయమైతే 911. ఇది మానసిక అనారోగ్యం అని మొదటి మాటగా చెప్పండి, ఇంట్లో ఆయుధాలు లేకపోతే ఆ సంగతీ చెప్పండి, సీఐటీ (మానసిక సంక్షోభంలో ఉన్నవారితో వ్యవహరించే) శిక్షణ ఉన్న పోలీసు ఆఫీసర్‌ని పంపమని అడగండి.

జవాబు (ఇంకొకరి నుంచి, వీసా గురించి):
క్లాసులు తనంతట తాను డ్రాప్ చేయకుండా చూడండి. ముందు యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల వీసా వ్యవహారాలు చూసే అధికారి డీఎస్‌ఓని కలవాలి. అనారోగ్యం కారణంగా తక్కువ కోర్సులతో, అవసరమైతే అసలు కోర్సులు లేకుండా కూడా స్టేటస్‌లో ఉండే అనుమతి ఉంది. ఒక డిగ్రీ స్థాయిలో మొత్తం 12 నెలల దాకా ఇస్తారు. అనుమతి రాకముందే డ్రాప్ చేస్తే స్టేటస్ పోయే ప్రమాదం ఉంది. కోర్సులు తగ్గితే స్టూడెంట్ ఇన్సూరెన్స్ ఉంటుందో లేదో అదే రోజు అడగండి.

జబ్బు ఉన్నంత మాత్రాన గ్రీన్ కార్డ్ నిరాకరించరు. జబ్బుతో ముడిపడి తనకో ఇతరులకో హాని చేసే ప్రవర్తన ఉందా అన్నది చట్టం ముఖ్యంగా చూస్తుంది. అంటే వైద్యం చేయించకుండా దాచడంలోనే ప్రమాదం ఎక్కువ. తమ్ముడి రికార్డు మీ ఇద్దరి ఫైల్‌లోకి రాదు. మీవారికి ధైర్యం కావాలంటే ఒకసారి ఇమ్మిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడించండి.

ప్రశ్న అడిగినవారు:
నిద్ర మాట చెబితే సరేనన్నాడు! గురువారం అపాయింట్‌మెంట్. మరి నా ఆఫీసు? అమ్మానాన్నలకు ఎలా చెప్పను?

జవాబు (మళ్ళీ చెల్లెలినే):
చాలా సంతోషం అక్కా. ఫెడరల్ సెలవు చట్టం మామూలుగా తోబుట్టువులకు వర్తించదు, కానీ న్యూజెర్సీ ఫ్యామిలీ లీవ్‌లో తోబుట్టువులూ ఉన్నారు. మీకు అర్హత ఉందేమో హెచ్‌ఆర్‌ని అడగండి. జబ్బు పేరు మేనేజర్‌కి చెప్పనక్కర్లేదు.

అమ్మతో తాయెత్తు గురించి గొడవ పడకండి, కట్టనివ్వండి. మాత్రలు మానేయమని మాత్రం చెప్పొద్దని గట్టిగా అడగండి. పెళ్ళి మాట ఇప్పుడు వద్దని నాన్నగారికి డాక్టర్ చేతే చెప్పించండి, తమ్ముడు ఒప్పుకుంటే వీడియో కాల్‌లో. తెలుగు రాని డాక్టరైతే దుబాసీని ఇవ్వమని అడగండి, ఆ పని మీ నెత్తిన వేసుకోకండి. వాళ్ళు అక్కడి నుంచే భారత ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేసి తెలుగులో సందేహాలు అడగవచ్చు. మీకోసం, మానసిక జబ్బులున్నవారి కుటుంబాలకు అండగా ఉండే నామీ సంస్థ వాళ్ళ ఫ్యామిలీ టు ఫ్యామిలీ క్లాసులున్నాయి, ఉచితం. మావారు మొదట రానన్నారు, తర్వాత ఆయనే ఎక్కువ ప్రశ్నలు అడిగారు.

గురువారం డీఎస్‌ఓకి ఇవ్వడానికి లెటర్ కూడా అడగండి. ఎండీ లేదా డీఓ (రెండూ డాక్టర్ల డిగ్రీలే), లేదా లైసెన్స్ ఉన్న సైకాలజిస్ట్ సంతకమే చెల్లుతుంది.