రిమోట్‌తో కారు అద్దాలు దించే దారి ఏమైనా ఉందా?

అందరికీ నమస్కారం. మాది అనంతపురం. మూడు నెలల కిందట లగ్జరీ ఎలక్ట్రిక్ కారు తీసుకున్నాం, కంపెనీ పేరు ఇక్కడ వద్దు. నడపడానికి చాలా బాగుంది, ఎన్‌హెచ్ 44 మీద బెంగళూరు పోయి వచ్చినా అలుపు తెలియదు. బాధంతా అద్దాల దగ్గరే. నా పాత డీజిల్ కారులో కీ మీద అన్‌లాక్ బటన్ కాసేపు నొక్కి పట్టుకుంటే నాలుగు అద్దాలూ దిగేవి, లాక్ నొక్కి పట్టుకుంటే పైకి వచ్చేవి. దీంట్లో కీతోనూ కాదు, యాప్‌లోనూ ఆ ఆప్షన్ లేదు. ఇంత డబ్బు పోసి కొన్నాక ఇది అస్సలు మింగుడు పడటం లేదు.

మొన్న మధ్యాహ్నం సప్తగిరి సర్కిల్ దగ్గర గంటసేపు ఎండలో పెట్టి వచ్చేసరికి, మా అమ్మ సీట్ బెల్ట్ బకిల్ ముట్టుకుని చటుక్కున చెయ్యి లాక్కుంది, వేలు ఎర్రగా కందిపోయింది. యాప్‌లో ముందే ఏసీ వేసుకోవచ్చు కదా అంటారేమో, వేస్తూనే ఉన్నాను, కానీ లోపలి వేడి గాలి ముందు బయటికి పోతే ఏసీకి పని తగ్గుతుంది, బ్యాటరీ కూడా మిగులుతుంది. టెస్లా యాప్‌లో అద్దాలు కాస్త దించే సదుపాయం ఉంది, దీనికి ఎందుకు ఇవ్వలేదో.

షోరూంలో అడిగితే అప్‌డేట్‌లో వస్తుందన్నారు. రెండు అప్‌డేట్లు వచ్చాయి, ఇది మాత్రం రాలేదు. నాలుగు అద్దాలూ ఒక్క నొక్కుతో పైకి పోతాయి, ఏదైనా అడ్డొస్తే ఆగి కిందికి దిగుతాయి, కాబట్టి అద్దాల మోటార్ల వైపు ఇబ్బంది లేదనే అనుకుంటున్నా. ఓబీడీ కోడింగ్‌తో (కారు డయాగ్నస్టిక్ పోర్ట్‌కి పరికరం పెట్టి లోపలి సెట్టింగులు మార్చడం) గానీ, విడిగా బిగించే బయటి మాడ్యూల్‌తో గానీ ఎవరైనా చేయించుకున్నారా? వారంటీకి ఇబ్బంది వచ్చిందా? ఎండలు ముదరకముందే ఏదో ఒకటి చేయించాలి, తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.