అప్‌డేట్: ఎలక్ట్రిక్ కారు బ్రేకులో తేడా ఎందుకో తెలిసింది

పదేళ్లు పెట్రోలు కారు నడిపి ఎలక్ట్రిక్ కారుకు మారాక, యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీస్తే కారు కుదుపుతో నెమ్మదిస్తోందనీ, కొన్ని ఉదయాలు మాత్రం పట్టు లేనట్టు జారిపోతోందనీ గత నెల అడిగాను. సమాధానమిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

సర్వీసు సెంటరులో నాలుగు చక్రాలూ విప్పి చూశారు. ప్యాడ్లు, బ్రేక్ ఆయిల్ బాగున్నాయి. అసలు సంగతి బ్యాటరీలో ఉంది. కాలు తీయగానే మోటారు జనరేటరుగా మారి బ్యాటరీని నింపుతుంది. ఆ పనే కారు వేగాన్ని తగ్గిస్తుంది, దీన్నే రీజెన్ అంటారు. రాత్రంతా ఛార్జింగ్ పెట్టి 100 శాతం నింపితే ఆ కరెంటుకు చోటుండదు. అందుకే ఆ ఉదయాల్లో అలా అనిపించేది. ఇప్పుడు 80 శాతం దగ్గర ఆపుతున్నాను, తేడా పోయింది.

కుదుపుకు పనిచేసిన సలహా, రీజెన్‌ను కనిష్ఠ స్థాయిలో పెట్టి ఖాళీ మైదానంలో సాధన చేయమన్నది. మడమ నేలకు ఆనించి, పాదాన్ని ఒక్కసారిగా ఎత్తకుండా మెల్లగా వదలడం అలవాటు కావడానికి వారం పట్టింది. వెనక సీట్లో అమ్మ తల ముందుకు ఊగడం ఆగింది, నాకు అదే కొలత.

ప్యాడ్లు మార్చాల్సిన అవసరం రాలేదు. వాన కురిసిన మర్నాడు వినిపించే గరగర శబ్దం డిస్కుల మీది పలుచని తుప్పుదట. నాలుగైదు సార్లు బ్రేకు వేయగానే పోతోంది.