"చదివించిరి నను గురువులు" వెటకారమా, ఒప్పుకోలా?

ప్రశ్న: పోతన భాగవతంలో ప్రహ్లాదుడు తండ్రి హిరణ్యకశిపుడితో అనే పద్యం, అందరం బట్టీపట్టిందే.

చదివించిరి నను గురువులు
చదివితి ధర్మార్థ ముఖ్య శాస్త్రంబులు నే
జదివినవి గలవు పెక్కులు
చదువులలో మర్మమెల్ల జదివితి తండ్రీ

గురువులైన చండామార్కులు నేర్పిందేదీ ఒంటబట్టని పిల్లాడు ముందుగా వాళ్ళ ఊసే ఎందుకెత్తాడు? వెటకారమంటారా?

జవాబు: వెటకారం లేదనే నా ఉద్దేశం. మొదటి పాదంలో "చదివించిరి", కర్త గురువులు. రెండో పాదానికల్లా "చదివితి నే", కర్త మారిపోయాడు. కుర్రాడు పాఠాలు ఎగ్గొట్టలేదండీ, శ్రద్ధగానే విన్నాడు, వాళ్ళ సిలబస్ ధర్మార్థకామాల దగ్గరే ఆగిపోయిందని విన్నాకే చెప్పగలిగాడు.

ఈ పద్యం దగ్గర నాకు తత్త్వవేత్త యూజీ కృష్ణమూర్తి గుర్తొస్తాడు (జిడ్డు కృష్ణమూర్తి కాదు, ఇద్దరినీ కలిపేసేవాళ్ళు ఇంకా ఉన్నారు). 1918లో బందరులో పుట్టాడు, పుట్టిన కొద్దిరోజులకే తల్లి పోయింది, గుడివాడలో తాతగారింట్లో పెరిగాడు. తాత వకీలు, దివ్యజ్ఞాన సమాజం (థియోసాఫికల్ సొసైటీ) మనిషి, ఆపైన మహా నిష్ఠాపరుడు. యూజీ చెప్పుకున్నదాన్నిబట్టి తెల్లారి 4 గంటల నుంచే ఉపనిషత్తులూ, పంచదశి అనే వేదాంత గ్రంథమూ చెవిన పడుతుండేవి, ఏడేళ్ళకల్లా చాలావరకు నోటికొచ్చేశాయి. అదే తాత ఓ రోజు ధ్యానం గదిలోంచి లేచొచ్చి, ఏడ్చి తన ధ్యానం చెడగొట్టిందని ఇంట్లో పసిబిడ్డని చితకబాదాడట. ఈ ధ్యానంలో ఏదో తేడా ఉందని మనవడికి అప్పుడే అనుమానం. అయినా వదిలేశాడా? 14 నుంచి 21 ఏళ్ళ దాకా ఎన్నో సాధనలు చేశాడు, 1939లో రమణ మహర్షి దగ్గరికెళ్ళి "మీ దగ్గరున్నది నాకివ్వగలరా" అని సూటిగా అడిగేశాడు. చూడండి, ఎదురు తిరిగినవాడి ప్రశ్న కూడా ఆ ఇంటిదే: మోక్షమనేది ఒకటుంది, ఎవరో ఒకరి దగ్గర ఉండే ఉంటుంది అని.

ప్రశ్న: ప్రహ్లాదుడికి నారదుడు తల్లి కడుపులోనే చెప్పాడు కదండీ, ఇక చండామార్కుల పాత్రేముంది?

జవాబు: నిజమే, పోలిక అక్కడ తెగుతుంది. ప్రహ్లాదుడికి జవాబు ముందు, బడి తర్వాత, అందుకే తండ్రి ముందు ఆ నిబ్బరం. యూజీకి బడే ముందు. 1967లో, 49 ఏళ్ళప్పుడు, స్విట్జర్లాండులోని సానెన్‌లో తనకేదో జరిగిందన్నాడు గానీ దాన్ని జ్ఞానోదయం అననివ్వలేదు, "కెలామిటీ" (విపత్తు) అని పేరుపెట్టుకున్నాడు. తాతగారింట్లో విన్న మాటల్లో ఒక్కటి కూడా దానికి అంటకూడదని పంతం పట్టినట్టుంది నాకైతే.