గుట్ట అంచున కుక్కను వదిలేయాలా, పట్టుకునే నడవాలా?

నల్గొండ నుంచి:
మా ఊరి గుట్ట మీద రోజూ పొద్దున కుక్కతో నడుస్తాను. ఒకచోట దారి బండ అంచునే పోతుంది, పక్కన లోయ. మొన్న కోతిని చూసి ఉరికింది. పట్టీ విప్పి ఉంది. అంచుకు రెండడుగుల ఇవతల ఆగింది. నాకింకా టెన్షన్ తగ్గలేదు. ఇంట్లో పట్టీ లేకుండా తీసుకుపోవద్దంటున్నారు. తోటి నడకవాళ్లేమో పట్టీ ఉంటే ఇద్దరూ పడతారంటున్నారు. మీరేమంటారు?

పాలమూరు నుంచి:
వదిలేయండి. మా దిక్కు కురుమల కుక్కలు గొర్రెల వెంట రోజంతా గుట్టలెక్కి దిగుతాయి. ఏ కుక్క మెడకైనా తాడు చూశారా? నాలుగు కాళ్ల జీవానికి బండ మీద మనకన్నా పట్టు ఎక్కువ. పట్టీ కంపకు చిక్కితే అదే ప్రమాదం.

భువనగిరి నుంచి:
అన్నా, ఆ కుక్క పిల్లప్పటి నుంచి గుట్ట మీదే పెరిగింది, కాపరి ఒక్క కేకకు వెనక్కి వస్తుంది. ఇంట్లో టైల్స్ మీద పెరిగినదాన్ని దానితో పోల్చొద్దు. మా భువనగిరి గుట్ట మొత్తం ఒకే బండ. 2014లో ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ బండలెక్కడం నేర్చుకుంది ఇక్కడే. నేర్చుకునేవాళ్లు నడుముకు తాడు కట్టుకునే ఎక్కుతారు. నున్నటి వాలులో కుక్క గోళ్లు దిగవు. ఉరుకుతున్న కుక్క ఆగాలంటే కొంత చోటు కావాలి, అంచు దగ్గర లేనిదే అది. కోతి కొమ్మ అందుకుంటుంది, కుక్క ఏం అందుకుంటుంది?

అయితే పట్టీ మెడకు వద్దు, ఛాతీకి వేసే హార్నెస్‌కు తగిలించండి. మెడపట్టీతో జారి వేలాడితే గొంతు బిగుస్తుంది. పొట్టి పట్టీ చాలు, కుక్కను లోపలి వైపు నడిపించండి. పట్టీని చేతికి చుట్టుకోవద్దు, నడుముకు కట్టుకోవద్దు. అది లాగితే మీరూ పోతారు. బ్రిటన్‌లో సముద్రం ఒడ్డు కొండ దారుల్లో నడిచేవాళ్లకు అక్కడి కోస్ట్‌గార్డ్ చెప్పేదీ ఇదే: కుక్కను పట్టీతోనే నడిపించండి, అది పడితే వెంట దిగకుండా మాకు ఫోన్ చేయండి అని. ఈ చివరి మాట దయచేసి మరిచిపోకండి. ప్రేమ కొద్దీ దిగేస్తాం మనం.

అచ్చంపేట నుంచి:
మన్ననూరు దాటి నల్లమలలోకైతే పట్టీతో కూడా తేవద్దు. అది పులుల అడవి, చిరుతకు కుక్క సులువైన వేట. మన కుక్కల జబ్బులు అడవి జంతువులకూ అంటుతాయి. 2018లో గిర్ సింహాల ప్రాణాలు తీసిన డిస్టెంపర్ వైరస్ కుక్కలకు వచ్చేదే.

పాలమూరు నుంచి:
కోతి మాట ఒప్పుకుంటా. కానీ అంచు లేని చెలకల్లో కూడా విప్పకపోతే దానికి అన్యాయం.

నల్గొండ నుంచి:
అంచు వెంబడి పట్టీ, కిందికి దిగాక చెరువు కట్ట దగ్గర విప్పుతాను. ఎండలకు బండ తొందరగా కాలుతోంది కాబట్టి ఇంకా చీకటితోనే బయల్దేరతాం. పన్నెండు కిలోల నాటు కుక్కకు ఏ సైజు హార్నెస్ సరిపోతుందో ఎవరైనా చెప్పండి.