ర్యాంప్స్ తవ్వకం: కొండవాళ్ల విద్యా, అడవి దోపిడీనా?

షార్లెట్ బాబాయ్:
ఏప్రిల్‌లో నార్త్ కరోలినా కొండల్లో ఒకాయన సొంత స్థలంలో అడవి కూరల క్లాసుకి వెళ్లాం. నిప్పు రాజేయడం, చెట్ల గుర్తులు, చివర్లో ర్యాంప్స్ అనే అడవి ఉల్లిని తవ్వడం. వెడల్పాటి ఆకు, కింద ఉల్లికాడలాంటి తెల్ల గడ్డ, నలిపితే వెల్లుల్లి ఘాటు. ఆలుగడ్డ వేపుడులో వేశాం, అద్భుతం. కారు మాత్రం నాలుగు రోజులు కంపు. స్మోకీ మౌంటెన్స్ నేషనల్ పార్కులో వీటిని తవ్వకూడదట. ఈ అప్పలాచియన్ కొండల జనం తరతరాలుగా తిన్నదాన్ని అక్కడే నిషేధిస్తే ఆ విద్య బతికేదెలా?

ఉల్లికాడ:
నిషేధమే కరెక్టు బాబాయ్. విత్తనం నుంచి పూతకు రావడానికి ఐదేళ్ల పైనే పడుతుంది. ఒక మడిలో పదో వంతు మించకుండా, అదీ పదేళ్లకోసారి తీస్తేనే మడి నిలుస్తుందని స్మోకీస్‌లో చేసిన అధ్యయనమే తేల్చింది. ఒకప్పుడు ఊళ్లో నాలుగిళ్లవాళ్లు తవ్వుకునేవారు. ఇప్పుడు రెస్టారెంట్లవాళ్లు గంపలకొద్దీ కొంటున్నారు. రెండూ ఒకటేనా?

కొండదారి:
ఒకటి కాదు, ఒప్పుకుంటా. కానీ ఆ పార్కు 1934లో ఎలా ఏర్పడిందో కూడా చూడండి. అక్కడ కాపురాలున్న కుటుంబాలను ఖాళీ చేయించారు. వాళ్లకన్నా ముందు అక్కడి ఆదివాసులైన చెరోకీలను 1838లో పశ్చిమానికి తరిమేశారు. అడవిని పాడుచేసింది వాళ్లేనా? కలప కంపెనీలు గుట్టలకు గుట్టలు గుండు కొట్టాయి కదా. అందుకే నాకు 2019 ఒప్పందం నచ్చింది. సోచన్ అనే ఆకుకూరను అప్పట్లో వెళ్లకుండా అక్కడే మిగిలినవాళ్ల వారసులైన ఈస్టర్న్ బ్యాండ్ చెరోకీలు పార్కులో పర్మిట్‌తో కోసుకోవచ్చు. అందరికీ తెరవలేదు, అందరికీ మూయలేదు.

ఉల్లికాడ:
సోచన్ ఆకే కోస్తారండీ, వేరు మిగులుతుంది. గడ్డ పీకితే ఏం మిగులుతుంది? మందు వేరు జిన్సెంగ్ సంగతి చూడండి. అక్కడ 'సాంగ్' అంటారు. ఎండు వేరు పౌండు (దాదాపు అరకిలో) వందల డాలర్లు. ఎగుమతికి వెళ్లే అడవి వేరుకి కనీసం ఐదేళ్లు ఉండాలి. తెలిసినవాడు ఎర్ర పండ్లు పండేదాకా ఆగి, తవ్విన చోటే గింజల్ని వేలితో మట్టిలోకి గుచ్చి వస్తాడు. దొంగకి ఆ ఓపిక ఉండదు. చివరికి 2021లో నార్త్ కరోలినాలోని నాంటహాలా, పిస్గా జాతీయ అడవుల్లో జిన్సెంగ్ తవ్వే పర్మిట్లే ఆపేశారు. దొంగ చేసినదానికి ఓపికున్నవాడూ నష్టపోయాడు.

కొండదారి:
నేను చెప్పేదీ అదే కదండీ! గింజ గుచ్చడమే అసలు విద్య. అడవిలోకే రానివ్వకపోతే అది మనవడికి నేర్పేదెవరు? వీడియోలో రాదది.

పప్పుచారు:
గొడవ మధ్యలో ఒక మాట. వెల్లుల్లి వాసన వస్తే ర్యాంపే అని నమ్మేయకండి. లిల్లీ ఆఫ్ ద వ్యాలీ ఆకూ అచ్చం ఇలాగే ఉంటుంది, విషం. పది ర్యాంపులు పీకాక వేళ్లంతా ఘాటే, పదకొండోది ఏ ఆకైనా మీ చేతికి వెల్లుల్లి వాసనే వస్తుంది. ఇంతకీ బాబాయ్, ఆకు మట్టుకు కత్తిరించి గడ్డ వదిలేయొచ్చని మీ క్లాసులో చెప్పలేదా? మొక్కకి ఒక్క ఆకు కోసినా పచ్చడికి సరిపోతుంది.

షార్లెట్ బాబాయ్:
చెప్పలేదమ్మా. మనిషికో పార ఇచ్చారు.