పూహోల్స్‌ను తీసుకున్నది జ్ఞాపకాల కోసమేనా?

ప్రశ్న: 2022లో అమెరికా బేస్‌బాల్ జట్టు సెయింట్ లూయిస్ కార్డినల్స్ తన పాత బ్యాటర్, 42 ఏళ్ల ఆల్బర్ట్ పూహోల్స్‌ను తిరిగి తీసుకోవడం పాత అభిమానులను మురిపించడానికేనని, ఆ చోటు ఒక యువ ఆటగాడికి దక్కవలసిందని నా మిత్రులు వాదిస్తున్నారు. మీరేమంటారు?

జవాబు 1: సీజన్ మొదటి సగం దగ్గరే ఆగిపోతే వారి మాట నిజమే, ఎందుకంటే సీజన్ నడుమ వచ్చే ఆల్‌స్టార్ విరామానికి ఆయన కొట్టినవి 6 హోమ్ రన్లు (సాధారణంగా బంతిని మైదానం దాటించే దెబ్బలు) మాత్రమే. కానీ ఆ తర్వాత మరో 18 కొట్టి, .270 బ్యాటింగ్ సగటుతో సీజన్ ముగించి, కెరీర్ మొత్తంలో 703 హోమ్ రన్లతో వీడ్కోలు పలికిన ఆటగాడిని అలంకారమని ఎలా అనగలం? ఒప్పందం 25 లక్షల డాలర్లే!

జవాబు 2: ఆ ఏడాదే కార్డినల్స్ ఆడే నేషనల్ లీగ్‌లోనూ డిజిగ్నేటెడ్ హిట్టర్ నిబంధన (పిచర్‌కు, అంటే బంతి విసిరేవాడికి, బదులుగా బ్యాటింగ్ మాత్రమే చేసే ఆటగాడిని దించే వీలు) స్థిరపడింది కనుక, ఫీల్డింగ్ భారం లేకుండా, ముఖ్యంగా ఎడమచేతి పిచర్ల మీద, ఆయనను ఆచితూచి వాడుకోగలిగారు. (బేస్‌ల మధ్య పరుగు మాత్రం ఎద్దుబండి నడకే, దానిని నేను సమర్థించను.)

ప్రశ్న అడిగినవారు: అయినా సీజన్ చివరి నాకౌట్ పోటీలైన ప్లేఆఫ్స్‌లో ఫిలడెల్ఫియా జట్టు చేతిలో రెండు ఆటల్లోనే ఇంటిముఖం పట్టారు కదా?

జవాబు 1: తొలి ఆటలో 2-0 ఆధిక్యంతో చివరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్‌కు వచ్చి, అందులోనే 6 పరుగులు సమర్పించుకున్నారు. ఆ తప్పును బ్యాట్ పట్టిన పెద్దాయన మీద మోపడం న్యాయం కాదు.